రఫ్ బుక్కుకీ ఫెయిర్ నోట్సుకీ మధ్య

బడికెళ్లే పిల్లల సంచిలో రెండు రకాల నోటుపుస్తకాలుంటాయి. ఒకటి రఫ్, ఒకటి ఫెయిర్. వెనకటి తరం వీటినే చిత్తు, సాపు అనేది. రఫ్ బుక్కులో లెక్కలు, బొమ్మలు, పక్కవాడితో ఆడిన చుక్కలాట, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఫెయిర్ నోట్సుకి అట్ట, లేబులు, మార్జిను, శీర్షిక కింద స్కేలుతో గీసిన గీత. తెలుగు మాస్టారు వ్యాసం రాయమంటే మొదట రఫ్‌లో రాసి, తర్వాత ఫెయిర్‌లోకి ఎక్కించడం ఆనవాయితీ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మారింది చేతిరాత ఒక్కటేనని తెలుస్తుంది. రఫ్‌లో మూడో వాక్యం ఫెయిర్‌లోనూ మూడో వాక్యమే. అక్కడ అర్థం కానిది ఇక్కడా అర్థం కాదు, కాకపోతే గుండ్రంగా కనబడుతుంది.

రాసినదాన్ని మళ్లీ చూసుకుని మార్చుకోవడం అనే పని ఈ రెండు పుస్తకాల మధ్య జరగాలి. మన తరగతిలో దానికి పీరియడూ లేదు, మార్కులూ లేవు, అందరూ వాడే పేరు కూడా లేదు.

ఒడిశా దక్షిణపు అంచున గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగు, ఒడియా ఒకే బేరంలో కలిసి వినబడతాయి. కొండల వైపు వెళ్తే సవర, కువి అనే ఆదివాసీ భాషలు కూడా తోడవుతాయి. అక్కడి తెలుగు పిల్లలకు ఈ తిరగరాత విషయంలో మామూలు కన్నా ఒక మెలిక ఎక్కువ. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి, వీధిలోనూ ఆఫీసులోనూ ఒడియా, ఆపైన ఇంగ్లిషు. అయితే ముడి విప్పే కొస కూడా ఆ మెలికలోనే ఉంది.

దిద్దేది ఎవరు

తెలుగులో ‘దిద్దడం’ అనే మాట తమాషా అయినది. అక్షరాభ్యాసం నాడు పిల్లాడు బియ్యంలో వేలితో దిద్దుతాడు. వాడే పెద్దయ్యాక రాసిన కాగితాన్ని మాస్టారు దిద్దుతారు. క్రియ ఒకటే, చేసేవాళ్లు మారిపోయారు. ఐదేళ్లప్పుడు పిల్లాడి వేలికి ఉన్న పని పదమూడేళ్లు వచ్చేసరికి ఎర్ర కలంతో పాటు బల్లకి అవతలి వైపు వెళ్లిపోయింది. అందుకే ‘మీ పిల్లలకి రాసింది సరిచూసుకోవడం నేర్పుతున్నారా’ అని అడిగితే చాలామంది ఉపాధ్యాయులు నిజాయితీగానే ‘నేను ప్రతి నోట్సూ దిద్దుతానండీ’ అని జవాబు చెబుతారు. అడిగింది పిల్లల పని గురించి, వచ్చిన జవాబు మాస్టారి పని గురించి.

ఇక్కడ మూడు పనులను విడదీసుకోవాలి. మొదటిది తిరగరాత: చెప్పదలచుకున్నది చెప్పామా, ఏది పెంచాలి, ఏది తీసెయ్యాలి, ఏది ముందు రావాలి అని చూసి మార్చడం. రెండోది దిద్దుబాటు: దీర్ఘాలు, ఒత్తులు, విభక్తులు, వాక్యం అతుకు. మూడోది సాపు: ఇంకొకరు చదవడానికి వీలుగా శుభ్రంగా ఎత్తి రాయడం. వరస కూడా ఇదే కావాలి. మన తరగతుల్లో రెండోది మాస్టారు చేస్తున్నారు, మూడోది పిల్లలు చేస్తున్నారు, మొదటిది ఎవరూ చెయ్యడం లేదు.

ఇది ఒక్క మన బడుల లోపమే అనుకోనక్కరలేదు. అమెరికాలో 1970లలో రాత బోధన మీద పెద్ద చర్చ నడిచింది. పిల్లలు అప్పగించిన కాగితాన్ని పరీక్షించడం కాదు, ఆ కాగితం తయారయ్యే పనిని నేర్పాలి అని 1972లో డొనాల్డ్ మర్రీ వాదించాడు. ఆయన పాత్రికేయుడిగా పనిచేసి అధ్యాపకుడైనవాడు, కాబట్టి మొదటి చిత్తు ఎలా ఉంటుందో బాగా ఎరుగును. 1980లో నాన్సీ సామర్స్ ఒక పరిశీలన ప్రచురించింది. 20 మంది కాలేజీ విద్యార్థులు, 20 మంది అనుభవం గల రచయితలు తలా మూడు వ్యాసాలు రాసి, ఒక్కోదాన్ని రెండేసిసార్లు తిరగరాశారు. విద్యార్థులకు తిరగరాయడమంటే మాటలు మార్చడం. ఒకే మాట రెండుసార్లు వచ్చిందా, ఇంతకన్నా మంచి మాట ఉందా, అంతవరకే. అనుభవజ్ఞులు మాత్రం తమ వాదానికి ఒక రూపం దొరికేదాకా వెతుక్కుంటూ, చదివేవాడి కంటితో చూస్తూ, పేరాలకు పేరాలే కదిపారు. ఇంగ్లిషులో చదువుకుని ఇంగ్లిషులో రాసే కాలేజీ విద్యార్థులే మాటల దగ్గర ఆగిపోతే, నాలుగు భాషల మధ్య ఎనిమిదో తరగతి చదివే పిల్ల అక్కడ ఆగడంలో వింత లేదు.

ఒక సంత, రెండు చిత్తులు

మాటల్లో చెబితే తేలిపోతుంది కాబట్టి ఒక నమూనా చూద్దాం. ఇది ఊహించి రాసినదే. గుణుపురం, పర్లాకిమిడి వైపు వారపు సంతలు పిల్లలందరికీ తెలిసినవి గనక విషయం ‘మా ఊరి సంత’ అనుకుందాం.

“మా ఊర్లో లక్ష్మివారం సంత అవుతాది. సంత చాలా బాగుంటాది. చాలా మంది వస్తారు. చాలా వస్తువులు ఉంటాయి. కొండ మీంచి సవరోళ్ళు వస్తారు. మా అమ్మ కొండచీపుర్లు బేరం ఆడినాది. ఒక ముసలామె చిల్లర ఎక్కువ ఇచ్చీసింది. అమ్మ తిరిగిచ్చీసింది. సంత వల్ల మనకు చాలా ఉపయోగాలు కలవు. కావున సంతలను మనం కాపాడుకోవాలి.”

మామూలుగా ఈ కాగితానికి జరిగేది ఊహించడం కష్టం కాదు. ‘అవుతాది’ కొట్టేసి ‘జరుగుతుంది’. ‘బాగుంటాది’ చుట్టూ సున్నా. ‘సవరోళ్ళు’ కింద గీత. ‘ఇచ్చీసింది’ రెండుచోట్లా కొట్టివేత. ‘లక్ష్మివారం’ మీద కూడా కలం పడొచ్చు, పైన ‘గురువారం’ అని రాయొచ్చు. నిజానికి లక్ష్మివారం కోస్తా జిల్లాల్లో కొన్ని లక్షల మంది రోజూ వాడే తెలుగు మాట, తప్పు కలానిదే. చివరి రెండు వాక్యాల మీద మాత్రం ఒక్క గీత కూడా పడదు. ‘కలవు’, ‘కావున’ రెండూ పుస్తకం మాటలే, వ్యాకరణం బాగానే ఉంది. కానీ ఆ వ్యాసం మొత్తంలో ఏ ప్రాణం లేని వాక్యాలు అవే. గైడులో ఏ వ్యాసం చివరైనా అతికించడానికి వీలైనవి. సంత బదులు చెట్లు, నదులు, గ్రంథాలయాలు, ఏది పెట్టినా సరిపోతాయి.

ప్రాణం ఉన్నది మధ్యలో రెండు వాక్యాల్లో. చిల్లర ఎక్కువ ఇచ్చేసిన ముసలామె, తిరిగి ఇచ్చేసిన అమ్మ. రాసిన పిల్లకు అది ముఖ్యమని తెలియదు. పుస్తకంలో సంత గురించి అలాంటివి ఉండవు కాబట్టి ‘ఉపయోగాలు’ వైపు పరుగెత్తింది. ఎర్ర కలానికి అక్కడ ‘ఇచ్చీసింది’ అనే మాట కనబడింది తప్ప మనిషి కనబడలేదు. మర్నాడు పిల్ల ‘ఇచ్చేసింది’ అని మార్చి సాపు రాస్తుంది. దిద్దుబాటు పూర్తయింది, ముసలామె అలాగే మిగిలిపోయింది.

ఇదే కాగితం మీద మాస్టారు ఏమీ దిద్దకుండా రెండే ప్రశ్నలు రాసి ఇచ్చారనుకుందాం. ‘ముసలామె చిల్లర ఎలా తీసింది? అమ్మ ఏమంది?’ అప్పుడు వచ్చే రెండో చిత్తు ఇలా ఉండొచ్చు.

“అమ్మ రెండు చీపుర్లు తీసుకుని వంద కాగితం ఇచ్చినాది. ముసలామె కొంగుముడి ఇప్పి కాగితాలు తీసినాది. ఒక్కొక్కటి వెలుగులోకి ఎత్తి చూసుకుని అమ్మ చేతిలో పెట్టినాది. అమ్మ లెక్కెడితే పది ఎక్కువ ఉంది. అప్పా, ఎక్కువిచ్చీసినావు అన్నాది. ఆమె నవ్వి సవరలో ఏదో అన్నాది. మాకు తెలీలేదు. అమ్మ పది కాగితం ఆమె చేతిలో పెట్టి వేళ్ళు మూసినాది.”

ఇందులో ‘తప్పులు’ మొదటిదానికన్నా ఎక్కువే. మార్కుల లెక్కన చూస్తే పిల్ల వెనకబడింది. రాత లెక్కన చూస్తే ఎంతో ముందుకొచ్చింది. కొంగుముడి వచ్చింది, వెలుగులోకి ఎత్తడం వచ్చింది, చివర్న వేళ్లు మూయడం వచ్చింది. ‘చాలా’ అనే మాట ఒక్కసారి కూడా రాలేదు, దాన్ని ఎవరూ కొట్టివేయకపోయినా. పిల్లకు చెప్పడానికి అసలు విషయం దొరికాక డొల్లమాటలు వాటంతట అవే రాలిపోతాయి. మంచి ప్రశ్న చేసే పని ఇది, మంచి సవరణ చెయ్యలేనిది.

మొదటి చిత్తులోనే ఎర్ర కలం పడితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. పిల్లలు తెలివైనవాళ్లు. ఎక్కువ రాస్తే ఎక్కువ తప్పులు పడతాయని రెండు వ్యాసాల్లోనే గ్రహిస్తారు. మూడో వ్యాసం నుంచి తమకు నిక్కచ్చిగా వచ్చిన పది వాక్యాలనే తిప్పి తిప్పి రాస్తారు. తప్పుల్లేని కాగితం వస్తుంది, అందులో ఊరుండదు.

చెవి సంగతి

తిరగరాయడానికి పెన్ను కన్నా ముందు చెవి కావాలి. రాసిన వాక్యాన్ని చదువుకుంటుంటే ‘ఇది ఇలా అనరే’ అని లోపలి నుంచి ఒక గుర్తు రావాలి. ఆ గుర్తు వ్యాకరణ సూత్రాల నుంచి రాదు, చిన్నప్పటి నుంచి విన్న మాట నుంచి వస్తుంది. సరిహద్దు పిల్లలకు ఆ చెవి ఉంది. అది ఇంటి తెలుగుకు శ్రుతి చేసిన చెవి. ‘అమ్మ ఎల్లినాది’ సరైనదో కాదో ఆరేళ్ల పిల్ల కూడా చెప్పగలదు. ‘సంతలను కాపాడుకొనవలెను’ బాగుందో లేదో పదో తరగతి పిల్ల కూడా చెప్పలేదు. దాని మంచిచెడ్డలు మాస్టారిని అడగాలి, లేకపోతే గైడు చూడాలి. తన చెవికి అందని భాషలో రాసినదాన్ని ఎవరూ తిరగరాయలేరు, కంఠస్థం మాత్రం చెయ్యగలరు.

ఈ వాదానికి పర్లాకిమిడితో పాత చుట్టరికం ఉంది. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) బడిపంతులుగా బతుకు గడిపింది అక్కడే. ఆయన్ని వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా, సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన పండితుడిగా తలుచుకుంటాం. ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. కానీ ఆ ఉద్యమం తరగతి గదిలో పుట్టిందనే సంగతి పూలదండల మధ్య మరుగున పడుతుంది. బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లిషువాడు, బయట వినబడే తెలుగుకూ బళ్లో చెప్పే తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని ఆరా తీశాడు. ఆ ప్రశ్న గిడుగునూ గురజాడనూ కదిలించింది. 1910ల మొదట్లో రాజుకున్న పెద్ద వివాదం కూడా ఏ కావ్యం గురించో కాదు, స్కూలు ఫైనల్ పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నదాని గురించి. గ్రాంథికం రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోనే గిడుగు కుప్పలుగా తప్పులు పట్టి చూపించారు. ఎగతాళి కోసం అనిపిస్తుంది గానీ, అందులో బోధనకు సంబంధించిన గట్టి వాదన ఉంది: నోట లేని భాషలో రాస్తే పండితులకే తప్పొప్పులు తెలియనప్పుడు పిల్లలకు ఎలా తెలుస్తాయి?

1936లో ఒడిశా వేరే ప్రావిన్సు అయింది, పర్లాకిమిడి అందులోకి వెళ్లింది, గిడుగు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆయన వాదన పుస్తక భాషను మార్చింది. ఇవాళ పాఠ్యపుస్తకాల్లో వ్యావహారికమే ఉంది. చిక్కేమిటంటే, ఆ వ్యావహారికం కూడా గజపతి జిల్లా పిల్లకు ఇంటి మాట కాదు. అది మధ్య కోస్తా చదువుకున్నవాళ్ల మాటకు దగ్గర. గుమ్మం కొంచెం దగ్గరికి జరిగింది, ఇంట్లోకి రాలేదు.

అలాగని ‘ఇచ్చినాది’నే సాపులోనూ ఉంచెయ్యాలా? అక్కర్లేదు. పత్రికలో, పరీక్షలో, అర్జీలో చెల్లే తెలుగు నేర్చుకోవడం ఆ పిల్ల హక్కు. దాన్ని ఎప్పుడు అడగాలన్నదే ఇక్కడ ప్రశ్న. మొదటి రెండు చిత్తుల్లో ఇంటి మాట రానివ్వాలి. విషయం నిలబడ్డాక, చివరి దఫాలో, ‘ఇంట్లో ఇచ్చినాది అంటాం, పుస్తకంలో ఇచ్చింది అని రాస్తారు’ అని ఒకటి తీసి ఇంకొకటి పెట్టించాలి. పండక్కి బట్ట మార్చుకున్నట్టే గానీ పాత బట్ట మురికిదని కాదు. అప్పుడు కూడా అమ్మ నోటిమాట ‘అప్పా, ఎక్కువిచ్చీసినావు’ అలాగే ఉండాలి. మనిషి మాటను మనిషి అన్నట్టు రాయడం రాతలో నేర్చుకోవలసిన విద్యే. దాన్ని ‘అక్కా, ఎక్కువ ఇచ్చేశావు’ అని మారిస్తే ఆ అమ్మ వేరే ఊరి అమ్మ అయిపోతుంది.

చెవికి సంబంధించి సరిహద్దుకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఒడియా లిపిలో ఎ, ఏ అని రెండు లేవు, ఉన్నది ఒక్కటే. ఒ, ఓ కూడా అంతే. ముందు ఒడియా అక్షరాలు నేర్చి తర్వాత తెలుగు రాసే పిల్లలు ‘తేగ’ను ‘తెగ’ అని, ‘కోన’ను ‘కొన’ అని రాస్తే అది అశ్రద్ధ కాదు, చేతికి అలవాటైన లిపి చేసే పని. తాటితేగలు తింటూ పెరిగిన పిల్ల నోట ఆ దీర్ఘం చక్కగానే పలుకుతుంది. కాబట్టి నలభై చోట్ల సున్నాలు చుట్టడం కన్నా, ‘పైకి చదువు, ఎక్కడ సాగుతుందో అక్కడ గుర్తు పెట్టు’ అంటే సగం తప్పులు ఆ పిల్లే పట్టుకుంటుంది. అదీ చివరి దఫాలోనే, అదీ ఒకసారికి ఒక రకం తప్పే. ఈ వారం ఏత్వాలు, పై వారం ఓత్వాలు.

మాస్టారి గడియారం

ఇదంతా చెప్పడం తేలిక, ముప్పై అయిదు నోట్సులు ముందేసుకుని కూర్చున్నవాళ్లని అడగండి అనవచ్చు. న్యాయమే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు. ఒక్కో వ్యాసానికి నాలుగు నిమిషాలు పెట్టినా 140 నిమిషాలు, అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. అది ఒక్క తరగతికి, ఒక్క చిత్తుకి. సరిహద్దు బడుల్లో తెలుగు పోస్టులు ఖాళీగా ఉంటున్నాయన్న ఫిర్యాదు పాతదే. ఉన్న ఒక్క పంతులే అన్ని తరగతులూ చూడాల్సి వస్తే మూడు చిత్తుల మాట ఎత్తితేనే టెన్షన్ పుడుతుంది.

దీనికి నిజాయితీ గల జవాబు ఒకటే: అన్నీ దిద్దకూడదు. ఏడాదికి ఇరవై వ్యాసాలు రాయించి ఇరవై దిద్దే బదులు ఆరే పెట్టి ఒక్కోదాన్ని మూడు చిత్తులుగా రాయించడం మేలు. మొదటి చిత్తుకి మాస్టారి కలం అసలు తగలనక్కరలేదు. రెండోదానికి రెండు ప్రశ్నలు. మూడోదానికి ఒక రకం దిద్దుబాటు. లెక్క వేస్తే మాస్టారి పని తగ్గుతుందే గానీ పెరగదు. పెరిగేది పిల్లల పని, పెరగాల్సిందీ అదే.

మార్కులు కూడా చివరి ప్రతికే వెయ్యాలి. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలే, కొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లలో ఆసక్తీ పనీ రెండూ మెరుగుపడ్డాయి. రెండూ అందుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. మార్కు పక్కనుంటే వ్యాఖ్య ఎవరూ చదవరన్నమాట. ఆ ప్రయోగంలో ఇచ్చినవి వ్యాసాలు కావు, మాటల ఆటల్లాంటి చిన్న పనులు. కానీ ‘ఐదుకి మూడు’ కనబడగానే పిల్లలు నోట్సు మూసెయ్యడం ఏ తరగతిలోనైనా చూడొచ్చు.

పిల్లలు ఒకరిది ఒకరు చూడడం గురించి కూడా ఒక మాట. ‘పక్కవాడి నోట్సు దిద్దు’ అంటే వాళ్లు చిన్న సైజు ఎర్ర కలాలైపోతారు, మాస్టారి కన్నా నిర్దయగా. దిద్దమనకుండా చదవమనాలి. మనం రాసింది పక్కవాళ్లు పైకి చదువుతుంటే ఎక్కడ నాలుక తట్టుకుంటుందో మనకే వినబడుతుంది. చదివినవాళ్లు రాసినవాళ్లకి ఏది గుర్తుండిపోయిందో చెప్పాలి, ఎక్కడ అర్థం కాలేదో చెప్పాలి, ఇంకా ఏం తెలుసుకోవాలనుందో అడగాలి. అంతకుమించి అడగనక్కరలేదు. మన సంత వ్యాసానికి వస్తే, ‘సవరలో ఏదో అన్నాది’ అన్నచోట తరగతిలో సవర పిల్లలుంటే వాళ్లు ఊరుకోరు. అలాంటప్పుడు ఏమంటారో వాళ్లకు తెలుసు, మాస్టారికి తెలియకపోవచ్చు. మామూలు రోజుల్లో తెలుగు పీరియడులో వెనక బెంచీలో నోరు మెదపని పిల్లలు ఆ రోజు వ్యాసానికి కావలసిన మాట అందిస్తారు.

పిల్లలకు తిరగరాత చూపించడానికి నల్లబల్లను మించిన సాధనం లేదు. మాస్టారు తానే ఒక పేరా అప్పటికప్పుడు రాసి, పిల్లల ముందే ‘ఇది బాలేదు’ అని కొట్టి, కింద వాక్యాన్ని పైకి బాణం గుర్తుతో లాగి, ఒక మాట కోసం ఆగి తల గోక్కోవాలి. అచ్చయిన పాఠాలే చూసిన పిల్లలకు వాక్యాలు అలా తయారుగానే పుడతాయన్న భ్రమ ఉంటుంది. మాస్టారు తడబడడం చూస్తే తమ తడబాటు రోగం కాదని తెలుస్తుంది. చాలామంది ఉపాధ్యాయులు దీనికి సిగ్గుపడతారు. అలవాటు లేదు మరి. రాత నేర్పేవాళ్లు రాస్తుండగా చూసినవాళ్లు మనలో ఎందరు?

పెద్ద రచయితలూ ఇందుకు సాక్ష్యమే. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. అక్కడితో ఊరుకోలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు వేరే నాటకమా అనిపించేంతగా పెరిగింది, మారింది. మనం చదివేదీ ఆడేదీ ఆ రెండో కూర్పునే. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ కూర్చుని రాసినవాడు విజయనగరంలో, పర్లాకిమిడికి ఎంతో దూరం కాని ఊళ్లో ఉండేవాడని చెబితే పిల్లలు కొట్టివేతలకు అంత భయపడరు.

ఆ భయం చిన్నదేమీ కాదు. మన బడుల్లో శుభ్రత ఒక మతం. కొట్టివేతలున్న పేజీ చింపి మళ్లీ రాయమంటారు. ఇంట్లో నాన్న నోట్సు తిరగేసి ‘ఏటీ గీతలు’ అంటాడు. అందుకే తిరగరాత నేర్పే తరగతిలో ఒక చిన్న నియమం పెద్ద పని చేస్తుంది: రబ్బరు, వైట్‌నర్ నిషేధం. కొట్టేస్తే ఒక్క గీతతోనే, కింద మాట కనబడేలా. వరస విడిచి వరస రాయాలి, మధ్య ఖాళీ మార్పుల కోసం. కాగితం ఖర్చనుకుంటే పాత క్యాలెండర్ల వెనక, వాడేసిన ప్రింటు కాగితాల వెనక రాయించవచ్చు. వాక్యాలను చీటీలుగా కత్తిరించి వరసలు మార్చి పేర్చే ఆటకు అవే పనికొస్తాయి. పది చీటీలు నేల మీద పరిచి ‘వేళ్ళు మూసినాది’తో మొదలెడితే ఎలా ఉంటుందో చూడమంటే, పిల్లలు అరగంటలో నేర్చుకునేది ఏ పాఠంలోనూ ఉండదు.

ఇక పరీక్ష. పదో తరగతి పరీక్షలో ఒక్క ప్రతే రాయాలి, తిరగరాయడానికి వ్యవధి లేదు, కొట్టివేతలంటే దిద్దేవాళ్లకి చిరాకు. కాబట్టి ఇదంతా పరీక్షకు పనికిరాదనే వాదన బలంగానే ఉంటుంది. దానికి జవాబు ఇవ్వొచ్చు: మూడు చిత్తులు రాసి అలవాటైన పిల్ల ఒక్క చిత్తే రాయాల్సి వచ్చినా ‘ఉపయోగాలు కలవు’ దగ్గర ఆగి, నిజంగా తన దగ్గర ఏముందో వెతుక్కుంటుంది. అయినా పరీక్షలున్నంత కాలం ఈ లాగులాట ఉంటుంది. దాన్ని లేదని నటించనక్కరలేదు. పై తరగతుల్లో వీలుకాకపోతే ఆరు, ఏడు, ఎనిమిదిలో చెయ్యవచ్చు. అక్కడ ఇంకా ఊపిరి ఆడుతుంది.

సరిహద్దులో చివరి పాఠకులు చాలాసార్లు బడి బయట ఉంటారు. అక్కడ తెలుగు ఇంటిభాషే అయినా తెలుగు లిపి చదవలేని తల్లిదండ్రులు తక్కువేం కాదు. కొందరికి ఒడియా అక్షరాలే వచ్చు, కొందరికి ఏవీ రావు. పిల్ల రాసింది వాళ్లకు చేరాలంటే పిల్ల చదివి వినిపించాలి, అది మళ్లీ చెవి పనే. సంత వ్యాసం రెండో చిత్తు పట్టుకుని ఆ పిల్ల వంటింటి గుమ్మంలో కూర్చుని చదివిందనుకుందాం. ఆ అమ్మ ఏత్వాల గురించి ఏమీ అనదు. కూరలో గరిటె తిప్పుతూ, ‘ఆమె నవ్వనేదే, సిగ్గుపడినాది’ అంటుంది. పిల్ల పెన్ను మూత తీసి ‘నవ్వి’ మీద ఒక్క గీత గీస్తుంది. కింద మాట కనబడుతూనే ఉంటుంది.